బ్రిగేడ్ రోడ్డులో డిసెంబర్ 31 రాత్రి: రోడ్డుకి 4 స్టార్లు, పబ్‌కి 1

మా పిన్ని కూతురు బెంగళూరులో, బీటీఎం లేఔట్‌లో పీజీ హాస్టల్లో ఉంటుంది, ఉద్యోగంలో చేరి ఇంకా ఆరు నెలలు కాలేదు. మొన్న మెసేజ్ పెట్టింది. "అక్కా, 31 రాత్రి బ్రిగేడ్ రోడ్డుకి పోదామంటున్నారు రూమ్మేట్స్. నువ్వు వెళ్లావు కదా, ఎలా ఉంటుంది? అమ్మకి చెప్పకు." వెళ్లమనో వద్దనో ఒక్క మాటలో జవాబివ్వడం నా వల్ల కాలేదు. ఫోన్‌లో గంటసేపు చెప్పాను, చెప్పాక ఇదంతా రాసి పెడితే దానిలాగే అడిగే మన పిల్లలు ఇంకా బోలెడుమంది ఉంటారు కదా అనిపించి రాస్తున్నాను. హోటల్‌కి రాసినట్టు ఒక రాత్రికి రివ్యూ రాయొచ్చా అంటే, రాయొచ్చు, ఎందుకంటే ఆ రాత్రి అక్కడ జరిగేది చాలావరకు ఏర్పాటే. బాగా చేస్తే మనకి తెలియను కూడా తెలియదు, చెడితే ప్రాణం మీదకి వస్తుంది.

మాది హిందూపురం, 2015 నుంచి ఇక్కడే ఉంటున్నాను. బ్రిగేడ్ రోడ్డుకి డిసెంబర్ 31న రెండుసార్లు వెళ్లాను, 2016లో ఒకసారి, 2024లో ఒకసారి. మధ్యలో 2021లో నైట్ కర్ఫ్యూ పెట్టినప్పుడు కూడా ఊళ్లోనే ఉన్నాను. ఇంకో సంగతి, మా ఆఫీసులో మా ఫ్లోర్‌కి ఫైర్ వార్డెన్‌ని నేనే. డ్రిల్ పెట్టినప్పుడల్లా మూడొందల మందిని రెండు మెట్ల దారుల్లో కిందికి దించాలి. దానివల్ల ఎక్కడికి వెళ్లినా మెట్లు ఎన్ని అడుగుల వెడల్పు, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికి తెరుచుకుంటుందా అని చూడటం అలవాటైపోయింది. ఈ రివ్యూ కూడా ఆ కళ్లతో చూసిందే. పాటలు బాగున్నాయా, స్టార్టర్స్ ఎలా ఉన్నాయి అని చూసేవాళ్లకి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు.

2024 డిసెంబర్ 31 సంగతి. మేం నలుగురం: నేను, మా టీమ్‌లో ఇద్దరమ్మాయిలు, వాళ్లలో ఒకమ్మాయి తమ్ముడు. ఆ అబ్బాయి చిత్తూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, 20 ఏళ్లు, సెలవులకి అక్క దగ్గరికి వచ్చాడు. హూడీలో మెట్రో ఎక్కాం. అసలు మొదటి మంచి పని అక్కడే జరిగింది. ఎంజీ రోడ్డు స్టేషన్‌ని రాత్రి 11 నుంచి మూసేస్తారని ముందే ప్రకటించారు, ట్రినిటీలోనో కబ్బన్ పార్కులోనో దిగి నడవాలి. చాలామంది దీన్ని తిట్టుకున్నారు, పండగ రోజు ఉన్న స్టేషనే మూసేస్తే ఎలా అని. నాకైతే ఇదే ఆ రాత్రి మొత్తంలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం అనిపించింది. అర్ధరాత్రి దాటాక అంత జనం ఒకే స్టేషన్ మెట్ల మీద పడితే ఏమవుతుందో ఊహించండి. అదే ట్రినిటీ దాకా ఓ కిలోమీటరు నడవాల్సి వస్తే, ఆ నడకలోనే జనం పలచబడతారు. కొందరు టీ తాగడానికి ఆగుతారు, కొందరు ముందుకి పోతారు, స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి ఒక ముద్దలా కాకుండా దారంలా వస్తారు.

రాత్రి 8 నుంచి ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు, చర్చ్ స్ట్రీట్, రెసిడెన్సీ రోడ్డు, మ్యూజియం రోడ్డు, రెస్ట్‌హౌస్ రోడ్డు వైపు బండ్లు రానివ్వరు. ఊళ్లో ఫ్లైఓవర్లు కూడా చాలావరకు ఆ రాత్రి మూసేస్తారు, తాగి బైకుల మీద రేసులు పెట్టుకునేవాళ్ల కోసం. కాబట్టి స్కూటీ వేసుకుని వస్తానంటే రావద్దు, ఎక్కడో దూరంగా పెట్టి, మళ్లీ దానికోసం వెతుక్కుంటూ చీకటి సందుల్లో తిరగాల్సి వస్తుంది.

ఇక బ్రిగేడ్ రోడ్డు. అక్కడ నడక ఒకే వైపు. ఎంజీ రోడ్డులో కావేరీ ఎంపోరియం మూల దగ్గర లోపలికి వెళ్లాలి, ఆపెరా హౌస్ జంక్షన్ దగ్గర బయటపడాలి. వెనక్కి తిరగడానికి లేదు. మళ్లీ ఎంజీ రోడ్డుకి రావాలంటే రెసిడెన్సీ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రావాలి. మధ్యలో ఓ అరవై అడుగులకి ఒకచోట బారికేడ్ పక్కన పోలీసులు, పైన వాచ్ టవర్ల మీద ఇంకొందరు. ఒక చోట నేను ఐదు నిమిషాలు గమనించాను. ఒక లేడీ కానిస్టేబుల్, నా వయసే ఉంటుంది, చేతిలో లాఠీతో బారికేడ్ ఇనుప గొట్టం మీద టక్ టక్‌మని కొడుతూ "నిల్లబేడి, ముందె హోగి, ముందె హోగి" (ఆగొద్దు, ముందుకి నడవండి) అంటూనే ఉంది. గొంతు అప్పటికే బొంగురుపోయింది. సెల్ఫీ కోసం ఎవరైనా ఆగితే చాలు, ఆ టక్ టక్ వాళ్ల దగ్గరికి జరిగేది. ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు, ఆగనివ్వలేదు, అంతే. ఒక కుర్రాడు భుజాల మీద ఫ్రెండ్‌ని ఎక్కించుకుని డాన్స్ చేయబోతే, నవ్వుతూనే దిగమని వేలు చూపించింది, దిగాడు. మా వెనకాల ఎవరో పీపీ బూర ఊదుతుంటే అది కూడా తీసేసుకున్నారు. మొదట్లో ఇది మరీ ఎక్కువ అనిపించింది కానీ తర్వాత అర్థమైంది, చెవిలో అది ఊదుతుంటే పక్కవాళ్లు కేకేసినా వినపడదు. అంత జనంలో కేక వినపడటం చాలా అవసరం.

నిలబడి చూడటానికి ఏమీ లేదు, నడుస్తూనే ఉండాలి, అదే బోరు అని ఎవరైనా అంటే నిజమే. లైట్లు బాగుంటాయి, తలెత్తి చూసేలోపే వెనకవాళ్లు వచ్చేస్తారు. కానీ ఈ నడిపించడం ఎందుకో తెలియాలంటే సియోల్‌లో ఇటేవాన్ గురించి తెలియాలి. అది కూడా మన బ్రిగేడ్ రోడ్డు, చర్చ్ స్ట్రీట్ లాంటి చోటే, బార్లు, క్లబ్బులు, కుర్రకారు. 2022 అక్టోబర్ 29, హాలోవీన్ ముందటి శనివారం రాత్రి. ఒక వాలు సందు, ఇరుకైన చోట దాదాపు 3.2 మీటర్ల వెడల్పు, అంటే మన ఊళ్లో ఒక కారు పట్టి పక్కన మనిషి నడిచేంత. పై నుంచి దిగేవాళ్లు, కింద నుంచి ఎక్కేవాళ్లు ఆ సందులోనే ఎదురెదురయ్యారు. 159 మంది చనిపోయారు, చాలామంది ఇరవైల్లో ఉన్న పిల్లలు. ఇక్కడ నలిగిపోయేలా ఉన్నాం అని సాయంత్రం ఆరున్నర నుంచే పోలీసులకి ఫోన్లు వెళ్లాయి, దాదాపు నాలుగు గంటల పాటు. వన్ వే పెట్టి ఉంటే అన్న మాట తర్వాత ఎంతమంది అన్నా ఏం లాభం.

మన పేపర్లలో తొక్కిసలాట అని రాస్తారు. ఆ మాట వింటే జనం పరుగెత్తి ఒకర్నొకరు తొక్కారని అనుకుంటాం. ఎక్కువసార్లు జరిగేది అది కాదు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక పోతారు. ఒక చదరపు మీటరులో నలుగురి దాకా ఉంటే మన అడుగు మన ఇష్టం. ఆరేడుగురైతే ఇక మనం నడవట్లేదు, జనం మనల్ని మోస్తోంది, ఎక్కడో ఒకడు తూలితే ఆ తోపు అలలాగా ఇవతలి దాకా వస్తుంది. అందుకే ఆ కానిస్టేబుల్ లాఠీ చప్పుడుకి నేను నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

ఐదో స్టార్ ఎందుకు ఇవ్వలేదంటే, ఆపెరా హౌస్ చివర బయటపడే చోట దారి సన్నబడుతుంది. లోపలికి వచ్చే దారి కంటే బయటికి పోయే దారి వెడల్పుగా ఉండాలి, అది డ్రిల్స్‌లో మొదట నేర్పే పాఠం. అక్కడ పది, పదిహేను నిమిషాలు అడుగులో అడుగు వేయాల్సి వచ్చింది, తమ్ముడు పొడగరి కాబట్టి తల పైకెత్తి గాలి పీల్చుకున్నాడు కానీ పొట్టిగా ఉన్న వాళ్ల అక్కకి ముందువాళ్ల వీపు తప్ప ఏమీ కనపడలేదు. టాయిలెట్ల సంగతి అడగొద్దు. అమ్మాయిలైతే బయల్దేరే ముందే చూసుకుని రావడం మంచిది.

2016తో పోలిస్తే ఇది వేరే ఊరు. ఆ ఏడు నేను చూసినంతలో ఇలా దారి మళ్లించడం లేదు, అటు ఇటు ఎవరికి తోచినట్టు వాళ్లు. నేను 9:45కే వెనక్కి బయల్దేరాను, ధైర్యం లేక కాదు, మా పీజీ గేటు 10:30కి వేసేస్తారు కాబట్టి. తర్వాత పేపర్లో చూశాం, అదే ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డులో ఆ జనం మధ్య ఆడపిల్లల మీద చేతులు వేశారని, ఒక లేడీ కానిస్టేబుల్‌ని పట్టుకుని ఏడుస్తున్న అమ్మాయి ఫొటోతో సహా. దేశమంతా మాట్లాడుకున్నారు. మా నాన్న ఫోన్ చేసి ఉద్యోగం మానేసి వచ్చేయమన్నాడు. ఇప్పుడు సేఫ్టీ ఐలాండ్లని పెట్టారు, ఆడవాళ్లకి ఇబ్బందైతే అందులోకి వెళ్లి కూర్చోవచ్చు, లోపల ఆడ పోలీసులు, మంచినీళ్లు, ఫస్ట్ ఎయిడ్ ఉంటాయి. 2024లో నేను ఊరికే చూద్దామని ఒకదాంట్లోకి వెళ్లాను. తాగి వాంతి చేసుకున్న ఒక చిన్నపిల్ల, ఇరవై కూడా ఉండవేమో, ప్లాస్టిక్ కుర్చీలో ముడుచుకుని కూర్చుంది, పక్కన ఒక పోలీసమ్మ ఆ పిల్ల ఫోన్ పట్టుకుని ఫ్రెండ్స్‌కి చేస్తోంది. ఎందుకు తాగావు, ఇంట్లో తెలుసా అన్న మాట ఒక్కటి కూడా అనలేదు. అది చూశాక నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఇప్పుడు పబ్. చర్చ్ స్ట్రీట్‌లో, రెండో అంతస్తులో. పేరు రాయట్లేదు, ఎందుకంటే అలాంటి మెట్లున్నది ఆ వీధిలో అదొక్కటే కాదు, పేరు రాస్తే మీరు పక్కదానికి వెళ్లి అదే మెట్లు ఎక్కుతారు. మనిషికి 3,000 చొప్పున నలుగురికీ ముందే కట్టాం. తలుపు దగ్గర ఐడీ అడిగారు, తమ్ముడికి 21 నిండలేదని ఆపేశారు. ఆపడం సరైనదే, నేను తప్పు పట్టను. కానీ టికెట్ అమ్మేటప్పుడు ఎక్కడా వయసు అడగలేదు, డబ్బులు వెనక్కి ఇవ్వమంటే ఇవ్వలేదు. చివరికి వాళ్ల అక్క తమ్ముడితో రోడ్డు మీదే ఉండిపోయింది, మేమిద్దరం లోపలికి వెళ్లాం. అప్పుడు గమనించాను, ఆ రోడ్డు మీదున్న జనంలో చాలామంది ఇలాంటివాళ్లే. వయసు చాలనివాళ్లు, లేదా 3,000 పెట్టలేనివాళ్లు. వాళ్లకి ఆ రాత్రి ఉన్నది రోడ్డొక్కటే. రోడ్డు మీద ఎందుకు గుమిగూడతారు, ఇళ్లల్లో కూర్చోవచ్చు కదా అనే పెద్దవాళ్లు ఈ మాట కాస్త ఆలోచించాలి. పదిమంది ఉండే పీజీ గదుల్లో పండగ ఎక్కడ చేసుకుంటారు?

లోపల బాగానే ఉంది. మ్యూజిక్ సరే, తిండి చల్లారిపోయినా తినగలిగాం. నా కళ్లు మాత్రం మెట్ల మీదే ఉన్నాయి. ఇద్దరు పక్కపక్కన నడవలేని మెట్లు, మధ్యలో ఒక మలుపు, ఆ మలుపులో ఖాళీ బీరు క్రేట్లు పేర్చి పెట్టారు. వెనక వైపు దారి ఉందా అని అడిగితే ఉంది మేడమ్ అన్నాడు, చూపించమంటే వంటగది వెనకాల తలుపు, దానికి తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుందంటే మేనేజర్ దగ్గర, మేనేజర్ ఎక్కడంటే కింద గేటు దగ్గర.

12:50కి ఒక్కసారిగా పాట ఆపేసి లైట్లన్నీ వేసేశారు. 1 గంటకల్లా ఖాళీ చేయాలి కదా. బౌన్సర్లు వెనక నుంచి "క్లోజింగ్, క్లోజింగ్" అని తోసుకొస్తున్నారు. దగ్గర దగ్గర రెండొందల మంది, సగంమంది మత్తులో, ఒకే మెట్ల వైపు. కింద చూస్తే పక్క బిల్డింగ్ పబ్ కూడా అప్పుడే వదిలింది, ఎదురు బిల్డింగ్ కూడా అప్పుడే. మెట్ల మలుపు దగ్గర ఒకమ్మాయి చెప్పు తెగి, తీసుకుందామని వంగి, అక్కడే కూర్చుండిపోయింది. ఆ పిల్ల వెనక నేను, నా వెనక ఆ జనమంతా. నేను గోడకి ఒక చెయ్యి ఆనించి, వెనక్కి తిరిగి నా గొంతులో ఉన్న బలమంతా పెట్టి "ఆగండి, ఆగండి, కింద మనిషి ఉంది" అని అరిచాను, తెలుగులోనే వచ్చింది, కన్నడం, ఇంగ్లీషు ఏదీ గుర్తు రాలేదు. నా వెనకున్న అబ్బాయి కూడా తెలుగువాడే కావడం ఆ పూట అదృష్టం, అతనూ రెండు చేతులు రెండు గోడలకి పెట్టి ఆనుకుని, వెనక్కి అరిచాడు. ఓ ఇరవై సెకన్లు అలా ఆపగలిగాం. నా ఫ్రెండ్ ఆ అమ్మాయిని చంకల కింద పట్టుకుని లేపింది. చెప్పు అక్కడే వదిలేసి దిగాం. కిందికి వచ్చాక నా మోచేయి గోడకి రాసుకుని చర్మం లేచిపోయిందని చూసుకున్నాను. క్రేట్లు ఆ మలుపులోనే ఉన్నాయి.

ఆ ఒక్క స్టార్ కూడా ఎందుకంటే, తలుపు దగ్గర వయసు చూసినందుకు.

ఈ 1 గంట రూల్ గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది. ఇక్కడ ఒకప్పుడు 11:30కే మూసేసేవాళ్లు. 2014లో శుక్ర, శనివారాలకి 1 గంట దాకా ఇచ్చారు, 2016లో అన్ని రోజులకీ ఇచ్చారు, 2024లో హోటళ్లకి, షాపులకి కూడా 1 దాకా అనుమతి వచ్చింది. టైమ్ పెట్టొద్దని నేను అనట్లేదు. చుట్టుపక్కల ఇళ్లున్నాయి, ముసలివాళ్లున్నారు, ఇందిరానగర్‌లో ఉండే మా అత్తగారిని అడిగితే ఆ చప్పుడుకి శనివారం వస్తుందంటేనే గుండెదడ అంటుంది. కానీ మూసే టైమ్ అంటే అందర్నీ ఒకే నిమిషంలో వీధిలోకి కుమ్మరించే టైమ్ అని అర్థం చేసుకుంటున్నారు పబ్బులవాళ్లు. 12:50 దాకా ఆర్డర్ తీసుకుని, ఆఖరి పెగ్గు అమ్ముకుని, 1 గంటకి బయటికి నెట్టేస్తే ఎలా? 12 దాటి పది నిమిషాలకి మందు ఆపండి. పాట మెల్లగా తగ్గించండి. మంచినీళ్లు, ఏదైనా తిండి పెట్టండి. పై అంతస్తు వాళ్లని ముందు, కింది వాళ్లని తర్వాత పంపండి, ఒక టేబుల్ తర్వాత ఒక టేబుల్ బిల్లు తీసుకుంటే ఆ గంటలో జనం వాళ్లంతట వాళ్లే పలచబడతారు. మా ఆఫీసులో మూడొందల మందిని మెలకువలో ఉండగా, పట్టపగలు దించడానికే ఫ్లోర్ తర్వాత ఫ్లోర్ అని వరస పెడతాం.

కర్ఫ్యూ అయితే ఇంకా మొరటు. 2021 డిసెంబర్ 28 నుంచి ఇక్కడ రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా నైట్ కర్ఫ్యూ పెట్టారు, కరోనా మళ్లీ వస్తోందని. కారణం వేరు, అప్పటి భయం నిజమైనది, దాన్ని తప్పు పట్టను. కానీ మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఆ రోజుల్లో 9:30కి నిలబడి చూస్తే తెలిసేది. 10 లోపు చేరాలని ఊరంతా ఒకేసారి రోడ్డెక్కేది, డెలివరీ పిల్లలు ఫుట్‌పాత్ మీదనుంచి దూసుకుపోయేవాళ్లు, ఆటోలు అడిగినంత ఇస్తేనే. 10:05కి రోడ్డంతా శ్మశానం. ఆ నిశ్శబ్దం ఫొటో తీసి క్షేమంగా ఉంది అనుకుంటాం, దానికి ముందటి అరగంట ఎవరూ ఫొటో తీయరు.

అమెరికాలో మయామీ బీచ్‌లో 2021 మార్చిలో ఇలాగే చేశారు. కాలేజీ సెలవులకి పిల్లలు వేలల్లో వచ్చి పడ్డారు, సౌత్ బీచ్ వీధుల్లో కాలు పెట్టే చోటు లేదు. అదే శనివారం మధ్యాహ్నం ప్రకటించి, ఆ రాత్రి 8కే కర్ఫ్యూ అన్నారు. 8 అయింది, జనం కదల్లేదు, కదిలే దారీ తక్కువే, చివరికి పోలీసులు పెప్పర్ బాల్స్ (కళ్లు మండించే పొడి నింపిన గుళ్లు) కొట్టి చెదరగొట్టాల్సి వచ్చింది. పొమ్మని చెప్పడం తేలికే, ఎటు పోవాలి, ఎందులో పోవాలి అన్నదానికి జవాబు ఉండాలి కదా.

అసలు రాత్రి వల్లే ప్రమాదం అనుకునేవాళ్లు 2025 జూన్ 4ని గుర్తుచేసుకోవాలి. ఆర్సీబీ ఐపీఎల్ కప్పు గెలిచిన మర్నాడు, చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు, ఎక్కువమంది ముప్ఫై లోపు పిల్లలే. అది పగలు. తాగినవాళ్ల గుంపు కాదు, ఎర్ర జెర్సీలు వేసుకున్న పిల్లలు. బ్రిగేడ్ రోడ్డుకి ఆ స్టేడియం నడిచేంత దూరం. ఒక చోట డిసెంబర్‌లో వన్ వే, వాచ్ టవర్, వారం ముందునుంచే ప్లాన్. ఇంకో చోట ఒక్క రాత్రిలో అనుకున్న సంబరం. ఆ వార్త చూసిన సాయంత్రం నాకు ఆ పబ్ మెట్ల మలుపే కళ్ల ముందు తిరిగింది, రెండ్రోజులు సరిగా నిద్రపోలేదు.

ఇంక పీజీ గేట్లు. ఇది ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ మన తెలుగు పిల్లలకి ఈ ఊళ్లో అసలు కర్ఫ్యూ ఇదే. 2016లో నేను 10:30కి లోపల పడ్డాను, నా రూమ్మేట్లు ఇద్దరు 11 దాటి పది నిమిషాలకి వచ్చారు, బస్సు దొరక్క. గేటు తీయలేదు. కిటికీలోంచి చూస్తూ నేను, కింద వాళ్లు. "రూల్ అంటే రూలమ్మా, ఒకరికి తీస్తే అందరికీ తీయాలి" అన్నాడు ఓనర్, పైగా మీ మంచికే అన్నాడు. వాళ్లు ఎదురుగా మూసి ఉన్న మెడికల్ షాపు మెట్ల మీద తెల్లారి 5 దాకా కూర్చున్నారు, నేను పైనుంచి దుప్పటి విసిరాను. ఆ రాత్రి ఊరు ఎలా ఉందో తర్వాత పేపర్లో చదివాక, ఆ గేటు ఎవరి మంచి కోసం వేశారో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఆడపిల్లకి అర్ధరాత్రి అన్నిటికంటే క్షేమమైన చోటు తన గది. దానికి తాళం వేసి మిగతా ఊరంతా తెరిచి ఉంచడం ఏం రక్షణ? పీజీలు నడిపేవాళ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ ఒక్క రాత్రి వాచ్‌మన్‌కి అదనంగా ఐదొందలిచ్చి కూర్చోబెడితే సరిపోతుంది, మేమే చందా వేసుకుని ఇస్తాం.

మళ్లీ ఆ రాత్రికి వస్తే, పబ్ నుంచి బయటపడ్డాక మా ఇద్దరికీ ఫోన్లు పనిచేయలేదు, 12 నుంచే నెట్‌వర్క్ చచ్చిపోయింది. కానీ మేం ముందే అనుకున్నాం, ఎవరెక్కడున్నా 1:15కి మేయో హాల్ ముందు. అక్కా తమ్ముడూ అక్కడే ఉన్నారు, చేతిలో వేరుశనక్కాయల పొట్లంతో, హాయిగా. మూడుసార్లు చుట్టూ తిరిగారట, రెసిడెన్సీ రోడ్డులో భోజనం చేశారట. రెసిడెన్సీ రోడ్డంటే మనవాళ్లకి అక్కడి ఆంధ్రా భోజన హోటళ్లు, ఆకులో పప్పు, గోంగూర గుర్తొస్తాయి కదా, ఆ రాత్రి అది ఊరికి ఊపిరితిత్తిలా పనిచేసింది, బ్రిగేడ్ రోడ్డులో బిగుసుకున్న జనమంతా అక్కడికి వచ్చి వదులయ్యారు. ఒక్క పైసా టికెట్ లేకుండా వాళ్ల రాత్రి మాకంటే బాగా గడిచింది. క్యాబ్ చూస్తే హూడీకి మామూలుగా చూపించే దానికి నాలుగింతలు, అదీ ఎక్కడా దొరకట్లేదు. ట్రినిటీకి నడిచాం. ఆ రాత్రి మెట్రో 2 గంటల దాకా పొడిగించారు, మెజెస్టిక్ నుంచి ఆఖరి రైళ్లు 2:40కి. ప్లాట్‌ఫాం మీద వంద మంది కూడా లేరు. రైల్లో ఒక గుంపు పాటలు పాడుతూ ఉంటే తమ్ముడు కూడా గొంతు కలిపాడు. 2:30కల్లా ఇంట్లో ఉన్నాం. ఆ రైలు లేకపోతే పైన రాసిన ఏ ఏర్పాటూ నిలబడదని నా నమ్మకం.

కాబట్టి మా చెల్లికి చెప్పింది ఇది. వెళ్లు. 9 లోపు వెళ్లు, 12 అయ్యాక అక్కడ పెద్దగా ఏమీ ఉండదు, కాసేపు అరుపులు, అంతే, 12:15కే కదిలితే దారి ఖాళీగా ఉంటుంది. రెండో అంతస్తు పబ్బులు వద్దు, కింద ఉన్నదైతే సరే, అప్పుడు కూడా బయటికి రెండు దారులున్నాయో లేదో కళ్లతో చూసి కూర్చో. బూట్లు వేసుకో, చెప్పులొద్దు. జనం బిగుసుకుంటే చేతులు ఛాతీ ముందు మడిచి పెట్టుకో, ఊపిరికి చోటుండాలి, తోపుకి ఎదురు నెట్టొద్దు, అది సద్దుమణిగిన క్షణంలో పక్కకి, అంచువైపు ఏటవాలుగా జరుగు. ఫోన్ కింద పడితే పోయిందనుకో, వంగొద్దు. ఎమర్జెన్సీ నంబర్ 112 గుర్తుంచుకో. నీకైతే ఇంకా సుఖం, 2025 ఆగస్టు నుంచి మెట్రో ఎల్లో లైన్ వచ్చింది కదా, సెయింట్ మార్క్స్ రోడ్డు మీదుగా కబ్బన్ పార్క్ స్టేషన్‌కి నడిచి, మెజెస్టిక్‌లో మారి, ఆర్వీ రోడ్డులో ఇంకోసారి మారితే బీటీఎం స్టేషన్‌లోనే దిగొచ్చు. ఆఖరి రైళ్ల టైమ్ మాత్రం 30వ తేదీ పేపర్లో చూసుకో, ఏటా కొంచెం మారుతుంది. ఏ స్టేషన్ మూస్తున్నారో కూడా.

నిన్న వాళ్ల పీజీ ఆంటీకి నేనే ఫోన్ చేశాను. ఆవిడది నెల్లూరు దగ్గర, మంచి మనిషి. మొదట కుదరదమ్మా అంది, తర్వాత 2016 సంగతి, దుప్పటి సంగతి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్లే పిల్లల పేర్లు, నంబర్లు ఒక కాగితం మీద రాసి 29కల్లా ఇవ్వమంది, 3 గంటల దాకా వాచ్‌మన్‌ని కూర్చోబెడతానంది. పిన్నికి ఇంకా చెప్పలేదు. ఆదివారం చేస్తాను.